గాలి నడిచే దారి

మెట్ట రైతుకు గొట్టం శుభ్రం చేసుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. కలిగిరి, డీసీపల్లి పొగాకు వేలం కేంద్రాలకు బేళ్లు తోలే ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. ఆకు కోతలు దగ్గరపడేసరికి బ్యారన్ తలుపు తీసి, లోపల నేలకు కాస్త ఎత్తులో పరిచిన రేకు గొట్టాలను విప్పుతారు. నిరుటి మసి దులుపుతారు. అతుకుల దగ్గర చిల్లులున్నాయేమో వెలుతురుకు పట్టి చూస్తారు. కట్టెలు బయటి పొయ్యిలో మండుతాయి, వేడి మాత్రం ఆ గొట్టాల గుండా బ్యారనంతా తిరుగుతుంది, పొగ ఆకుకు తగలకుండా పొగగూడు మీదుగా బయటికి పోతుంది. మసి పేరుకుంటే వేడి సరిగా ఎక్కదు, ఆకు రంగు చెడుతుంది. అతుకు దగ్గర సందు మిగిలితే నిప్పురవ్వ ఎండిన ఆకు మీద పడుతుంది. అప్పుడు నష్టం ఒక్క గొట్టంతో పోదు, పెట్టిన పెట్టుబడంతా బూడిదవుతుంది.

ఇంత జాగ్రత్తగా గొట్టం చూసుకునే మనిషి ఇంట్లోనే, పడకగది కిటికీకి బిగించిన కూలర్ కొన్ననాటి నుంచి ఒక్కసారీ విప్పకుండా ఉంటుంది. గోడ మీది ఏసీ మూత వెనకాల ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు. వంటింటి చిమ్నీ గొట్టం గోడలోంచి ఎటు పోయి ఎక్కడ తేలుతుందో చూసినవాళ్లు లేరు. రాత్రంతా ఇంటిల్లిపాదీ పీల్చే గాలి మాత్రం ఆ దారుల్లోంచే వస్తోంది.

ఎందుకిలా జరుగుతుందో నాకు తోచిన కారణం చెబుతాను. మన ఇళ్లలో చీపురు ఆడవాళ్లది, స్క్రూడ్రైవర్ మగవాళ్లది. సంక్రాంతికైనా రంజానుకైనా ఇల్లు దులిపి సున్నం వేసేటప్పుడు అమ్మ కూలర్‌ను పైపైన తుడుస్తుందే తప్ప లోపల చేయి పెట్టదు, అది మిషన్ కదా అని. నాన్న మిషన్ ఆగిపోతే విప్పుతాడు, మురికి పట్టిందని విప్పడు, అది ఇల్లు తుడిచే పని కదా అని. గాలి దారి ఈ రెండు పనులకూ మధ్యన పడి ఎవరిదీ కాకుండా పోతోంది. అందుకే ఈ అధ్యాయంలో మొదటి పని పనిముట్లు కొనడం కాదు, ఇంట్లో ఒక మనిషి దీనికి పూచీ పడటం. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయైనా సరే, రిటైరైన తాతయ్యైనా సరే. వారానికి ఒక రోజు, ఒక గంట.

రెండో పని, ఇంట్లో గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో ఒక్కసారి నిలబడి చూడటం. కూలర్ వేసి ఒక అగరొత్తి వెలిగించి తలుపు దగ్గర, కిటికీ దగ్గర పట్టుకుంటే పొగ దారి చూపిస్తుంది. అమెరికాలో, గల్ఫ్‌లో చాలా ఇళ్లకు చల్లగాలి పంచే రేకు గొట్టాలు సీలింగు పైన ఉంటాయి, వాటినే డక్టులు అంటారు. ఉదయగిరిలో, ఆత్మకూరులో అలాంటివి ఆసుపత్రుల్లోనో, ఫంక్షన్ హాళ్లలోనో తప్ప కనిపించవు. కానీ కూలర్ పెట్టె, ఏసీ లోపలి సొరంగం, చిమ్నీ గొట్టం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ బొక్క, వెంటిలేటర్ అన్నీ డక్టులే. పొడుగులో తేడా, అంతే.

దారి తెలిశాక రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇక్కడ దుమ్ముకు తడి తోడయిందా? నిప్పు తోడయిందా? పొడి చోట పడిన దుమ్ము, కదపనంతవరకూ, పెద్దగా హాని చేయకుండా పడి ఉంటుంది. దానికి తడి తగిలితే బూజు పడుతుంది, పాకుడు పడుతుంది, దోమ గుడ్లు పెడుతుంది. నిప్పు దగ్గరికి చేరితే మంటవుతుంది. ఈ రెండూ లేని చోటికి తీరిక దొరికినప్పుడు వెళ్లొచ్చు. ఏ ఒక్కటి ఉన్నా వచ్చే వారానికి వాయిదా వేయకండి.

ముందు కరెంటు

మూత విప్పే ముందు స్విచ్చి కట్టేస్తే చాలదు. కూలర్‌కు ప్లగ్గు ఊడదీయాలి. ఏసీకి ఎంసీబీ దించాలి, దించాక ఇంట్లో అందరికీ చెప్పాలి, ఎవరో ఒకరు చూసుకోకుండా ఎత్తేస్తారు కాబట్టి. ఇనుప బాడీ కూలర్ల విషయంలో నేను ఇంకా గట్టిగా చెబుతాను. వైరు పొర ఎక్కడో ఒరుసుకుపోయి బాడీకి తగిలితే, నేల తడిగా ఉంటే, కాళ్లకు చెప్పులు లేకపోతే, నీళ్లు పోయడానికి వచ్చిన మనిషి ప్రాణం అక్కడే పోతుంది. వేసవి వస్తే చాలు, ఇలాంటి వార్త పేపర్లో చదువుతూనే ఉంటాం. నడుస్తున్న కూలర్‌లో నీళ్లు పోయకండి. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరిచేసి రెండు పిన్నుల సాకెట్లో దోపే అలవాటు మానండి, ఎర్తింగు పోయేది ఆ పిన్ను గుండానే. బోర్డులో కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే ఆర్‌సీసీబీ లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించండి. ఈ అధ్యాయంలో నేను బయటి మనిషిని పిలవమనే పనులు కొన్నే ఉన్నాయి, వాటిలో ఇది మొదటిది.

ముక్కుకు మాస్కు కట్టుకోండి. తువ్వాలు చుట్టుకోవడం కంటే మంచి మాస్కే మేలు. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే ఆ గంటసేపు వాళ్లను పక్కింటికి పంపించండి, ఈ పని వాళ్లతో చేయించకండి.

కూలర్, ఉప్పు నీళ్లు

మెట్టకు కూలర్ దేవుడిచ్చిన వరం లాంటిదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అల్లూరు, కావలి వైపు సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, అక్కడ కూలర్ వేస్తే ఉక్కపోత పెరుగుతుంది. వెలిగొండల మీదుగా వచ్చే పడమటి గాలి పొడిగాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు ఆ పొడితనమే కూలర్‌కు బలం. ఒక లీటరు నీరు ఆవిరైపోతూ గాలిలోంచి తీసుకునే వేడిని కరెంటు లెక్కలో చెబితే ఇంచుమించు 0.67 యూనిట్లు. మోటారు, ఫ్యాను తినే కరెంటు దానిముందు చాలా తక్కువ.

కానీ ఆవిరయ్యేది నీరు మాత్రమే. అందులోని ఉప్పులు ఆవిరి కావు. మన బోరు నీళ్ల సంగతి మనకు తెలిసిందే. ఫ్లోరైడ్ బాధ ఒకటి ఉంది, అది తాగే నీటి బాధ. కూలర్‌ను పాడుచేసేది కాల్షియం, మెగ్నీషియం. లీటరుకు ఒక గ్రాము ఉప్పులున్న నీళ్లు రోజుకు 40 లీటర్లు ఆవిరైతే, రోజుకు 40 గ్రాములు లోపలే మిగిలిపోతాయి. వారానికి 280 గ్రాములు. పావు కిలో పైన. పైపైన నీళ్లు పోసుకుంటూ పోతే ఆ ఉప్పంతా ట్యాంకులో చిక్కబడుతుంది, ప్యాడ్ల మీద తెల్లటి పెచ్చుగా గట్టిపడుతుంది. గాలి దూరే సందులు మూసుకుపోతాయి. మొన్నటిదాకా చల్లగా వచ్చిన కూలర్ ఇప్పుడు మోత తప్ప ఏమీ ఇవ్వడం లేదని మెకానిక్‌ను పిలుస్తారు. మోటారుకు ఏమీ కాలేదు.

కాబట్టి వారానికి ఒకసారి ట్యాంకులో నీళ్లు పూర్తిగా వదిలేయాలి. అడుగున ఉన్న బిరడా తీసి, కూలర్‌ను కొంచెం ఒరగబెట్టి, చివరి చుక్క వరకూ. ఆ నీళ్లు మొక్కలకు పోయకండి, ఉప్పు ఎక్కువ. మరుగుదొడ్డికి వాడుకోవచ్చు.

ఇక ట్యాంకు గోడను దగ్గరగా చూడండి. టార్చి వేసి, నీళ్ల మట్టం ఉన్న గీతకు కాస్త పైన వెతకండి. ఆవగింజ కంటే చిన్నగా, నల్లగా, మసి రాలి అంటుకున్నట్టు చుక్కలు కనిపిస్తే అవి ఏడిస్ దోమ గుడ్లు కావచ్చు. డెంగీ, చికున్‌గున్యా తెచ్చేది ఈ దోమే, పగటిపూట కుడుతుంది. ఇది గుడ్లను నీళ్లలో వదలదు, నీటి గీతకు కొంచెం పైన, తడిసిన గోడకు అంటిస్తుంది. నీళ్లు ఆరిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావకుండా ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి ఎనిమిది పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య శాఖవాళ్లు వారానికొకసారి చేయమనేది ఈ లెక్కనే. అయితే చాలామంది నీళ్లు పారబోసి పనైపోయిందనుకుంటారు. పారబోస్తే పోయేవి పురుగులు, గుడ్లు గోడకే ఉంటాయి. పీచుతో, బ్రష్‌తో ఆ గీత వెంబడి నాలుగు వైపులా గట్టిగా రుద్దాలి. మూలల్లో, మోటారు కూర్చునే చోట, గొట్టం వెనకాల కూడా. ఈ అధ్యాయంలో ఒక్క పనే చేసే తీరిక ఉందంటే, ఈ పని చేయండి.

రుద్దాక 10 లీటర్ల నీళ్లలో ఒక టీస్పూను బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన నీళ్లు ట్యాంకులో పోసి, అరగంట ఉంచి, వదిలేసి, మంచి నీళ్లతో రెండుసార్లు కడగండి. పాకుడు వాసన పోతుంది.

ప్యాడ్లకు వేరే మందు కావాలి. తెల్లటి పెచ్చు సున్నం జాతిది, పులుపుకు కరుగుతుంది. ఒక బకెట్ నీళ్లకు 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ప్యాడ్లను గంటసేపు నానబెట్టండి. నిమ్మ ఉప్పు లేకపోతే వెనిగర్. తర్వాత పైపుతో మెల్లగా కడగండి, నీళ్లు లోపలి వైపు నుంచి బయటి వైపుకు పారాలి. గాలి బయటి నుంచి లోపలికి దుమ్మును తోసింది, అది వచ్చిన దారినే తిరిగి పంపాలి. తేనెతుట్టె ప్యాడ్లు గట్టి కాగితంతో చేసినవి, ఇనుప బ్రష్ తగిలితే చిరుగుతాయి. పాత కూలర్‌లో గడ్డి ప్యాడ్లుంటే వాటిని కడిగి దాచుకోవడం దండగ, ఏటా వేసవికి ముందు మార్చేయడమే మేలు.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి రెండుసార్లు చదవండి. బ్లీచింగ్ పౌడరును నిమ్మ ఉప్పుతో గానీ వెనిగర్‌తో గానీ బాత్రూము యాసిడ్‌తో గానీ కలపకూడదు. కలిస్తే క్లోరిన్ గాలి పుడుతుంది, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఒక వారం బ్లీచింగ్, మరో వారం నిమ్మ ఉప్పు అని పెట్టుకుంటే గొడవ ఉండదు.

ప్యాడ్లు బిగించాక పైనున్న కాలువ చూడండి. మోటారు తోసిన నీళ్లు ఆ కాలువ రంధ్రాల్లోంచే ప్యాడు మీద పడతాయి. రంధ్రాలు ఉప్పుతో పూడిపోతే ప్యాడు మీద పొడి చారలు పడతాయి, ఆ చారల్లోంచి వేడి గాలి, దుమ్ము నేరుగా గదిలోకి వస్తాయి. కొబ్బరి చీపురు పుల్లతో ఒక్కో రంధ్రం పొడవండి. కూలర్ వేసి ప్యాడు మొత్తం ఒకే రంగులో తడుస్తోందా చూసుకోండి.

తలుపులు మూసుకుని కూలర్ వేసుకునేవాళ్లకు ఒక మాట. కూలర్ ఏసీ కాదు. తోసిన గాలి బయటికి పోయే దారి లేకపోతే గదిలో తేమ నిండిపోతుంది, చల్లదనం ఆగిపోతుంది, పరుపులకు బూజు వాసన పడుతుంది. కూలర్‌కు ఎదురుగా ఒక కిటికీ రెక్క తెరిచి ఉంచండి.

ఉదయగిరి చెక్క పొడి

భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క స్పూన్లు, గరిటెలు ఇళ్లలోనే తయారవుతాయి. నేల మీద కూర్చుని చెక్కడం, ఆకురాయితో అరగదీయడం, గరుకు కాగితంతో నున్నగా రుద్దడం. అదే వసారాలో పిల్లలు చదువుకుంటారు, పక్క గదిలో కూలరో ఫ్యానో తిరుగుతుంటుంది. చెక్కేటప్పుడు రాలే పెచ్చులు కంటికి కనబడతాయి, ఊడ్చేస్తారు. రుద్దేటప్పుడు లేచే మెత్తటి పొడి కనబడదు. అది గాలిలోనే తేలుతుంది, కూలర్ ప్యాడుకు అంటుకుని తడిలో పేస్టులా మారుతుంది, ఫ్యాను రెక్కల మీద పొరలా కూర్చుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క పొడిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఏళ్ల తరబడి దాన్ని దట్టంగా పీల్చే పనివాళ్ల ఆరోగ్యాన్ని చూసి చేసిన వర్గీకరణ అది, కాబట్టి స్పూన్లు కొనేవాళ్లు భయపడాల్సిన పని లేదు. చేసేవాళ్లు మాత్రం జాగ్రత్త పడాలి. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు.

వాళ్లకు ఖర్చులేని మార్పులు కొన్ని ఉన్నాయి. రుద్దే పని గాలి ఇంట్లోంచి బయటికి పోయే వైపు గుమ్మం దగ్గర పెట్టుకోవాలి, ఇందాకటి అగరొత్తి ఆ వైపేదో చూపిస్తుంది. పొడిని పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తాలి. ఆ వసారా గాలిని కూలర్ లాక్కునేలా పెట్టకూడదు. రుద్దేంతసేపూ మాస్కు తీయకూడదు. పని అయ్యాక జుట్టు, బట్టలు బయట దులుపుకుని లోపలికి రావాలి. చేతిపనికి గుర్తింపు తెచ్చుకున్న ఊరు, ఆ చేతులున్న మనుషుల ఊపిరిని కూడా కాపాడుకోవాలని నా కోరిక.

ఆత్మకూరులో దుమ్ము వేరే రకం. ముంబై హైవే ఊరి పక్క నుంచే పోతోంది, లారీల దుమ్ము, పొగ నూనెజిడ్డుతో కలిసి నల్లగా పడుతుంది. రోడ్డు వైపు కిటికీకి కూలర్ బిగించినవాళ్లు ప్యాడ్లను వారానికోసారి నీళ్లతోనైనా కడగాల్సిందే. వీలైతే పెరటి వైపుకు మార్చుకోండి. వెంటిలేటర్లకు సన్నటి జాలీ కొట్టించండి.

ఏసీ మూత వెనకాల

ఏసీ ఫిల్టరు కడగడం పదేళ్ల పిల్లల పని, నిజంగానే. ఎంసీబీ దించి, ముందు మూతను రెండు చివర్లా పట్టుకుని పైకెత్తితే నిలబడుతుంది. లోపల రెండు జాలీలుంటాయి, కొంచెం పైకి నెట్టి కిందికి లాగితే వచ్చేస్తాయి. వెనక వైపు నుంచి కుళాయి నీళ్లు పట్టి, నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఆరాకే పెట్టండి. ఎండలో పెడితే ప్లాస్టిక్ వంకర పోతుంది. వేసవిలో పదిహేను రోజులకోసారి చేయాలి. మూసుకుపోయిన ఫిల్టరు మార్చడం వల్ల ఏసీ కరెంటు 5 నుంచి 15 శాతం దాకా తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. 2020 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే గది ఏసీలు వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. ఆ 24లో గది చల్లబడటం లేదని 18కి దించేవాళ్లలో చాలామందికి అసలు కావాల్సింది ఈ జాలీ కడగడమే.

జాలీ వెనకాల కాయిల్. సన్నటి అల్యూమినియం రెక్కలు వరుసగా ఉంటాయి, అంచులు బ్లేడులా కోస్తాయి, చేతికి గ్లౌజు వేసుకోండి. మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి దువ్వాలి, అడ్డంగా రుద్దితే రెక్కలు వంగిపోయి గాలి ఆగిపోతుంది. ఈ కాయిల్ మీదే గదిలోని తేమ నీరుగా మారుతుంది. దుమ్మూ తడీ కలిసే చోటు ఏసీలో ఇదే.

ఆ తర్వాతది బ్లోయర్. చల్లగాలి వచ్చే నోట్లోకి టార్చి వేసి చూడండి, పొడుగాటి డ్రమ్ములాంటిది, సన్నటి వంపు రెక్కలతో. రెక్కల అంచుల మీద నల్లటి చుక్కలు చుక్కలుగా, చేత్తో తాకితే జిగురుగా ఉంటే అది బూజు. ఏసీ వేయగానే మొదటి నిమిషంలో ముక్కిన వాసన వస్తోందంటే చూడకముందే చెప్పేయొచ్చు. ఏసీ కింద గోడకూ మంచానికీ ప్లాస్టిక్ పట్టా కప్పి, సీసాలు కడిగే పొడుగు బ్రష్‌ను సబ్బు నీళ్లలో ముంచి పిండి, డ్రమ్మును వేలితో కొంచెం కొంచెం తిప్పుతూ ఒక్కో రెక్క తుడవాలి. ఓపిక కావాలి, గంట పైనే పడుతుంది. కుడివైపు చివర సాధారణంగా కరెంటు బోర్డు ఉంటుంది, అటు చుక్క నీరు పోకూడదు. రెక్క విరిగేంత బలం పెట్టకండి. భయంగా ఉంటే ఈ ఒక్క పనీ మెకానిక్‌తో చేయించి, పక్కన నిలబడి చూడండి, వచ్చే ఏడు మీరే చేస్తారు. గ్యాస్ పని మాత్రం ఎప్పుడూ మెకానిక్‌దే.

మళ్లీ బూజు పట్టకుండా ఉండాలంటే, పొద్దున ఏసీ ఆపే ముందు ఒక అరగంట ఫ్యాన్ మోడ్‌లో నడపండి, కాయిల్ ఆరుతుంది. గదిలోకి నీళ్లు కారుతుంటే డ్రెయిన్ పైపు పూడినట్టు. బయట పైపు చివర చూడండి, పాకుడో, పురుగు కట్టిన మట్టి గూడో అడ్డం ఉంటుంది. బయటి యూనిట్లో బల్లులు దూరి బోర్డు కాల్చేస్తుంటాయి, వైరు వెళ్లే బొక్కలు పుట్టీతో మూయండి.

తడి దారుల విషయంలో నిర్లక్ష్యం ఎంతదూరం పోగలదో లోకానికి 1976లో తెలిసింది. ఆ ఏడు జూలైలో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల మహాసభ జరిగింది. ఆ తర్వాత వందల మందికి న్యుమోనియా వచ్చింది, 34 మంది చనిపోయారు. కారణమైన బాక్టీరియాను 1977 జనవరిలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ శాస్త్రవేత్త జోసెఫ్ మెక్‌డేడ్ గుర్తించారు, దానికి లెజియొనెల్లా అని పేరు పెట్టారు. నిలవ నీటిలో పెరిగి, నీటి తుంపర్లతో గాలిలోకి ఎక్కే క్రిమి అది. ఇంటి ఏసీ వల్ల అలాంటిది వస్తుందని ఎవరూ బెదరనక్కర్లేదు, భవనాల మీది పెద్ద కూలింగ్ టవర్లే దానికి అసలు నెలవులు. నిలవ నీళ్ల మీదుగా వచ్చే గాలిని నమ్మకూడదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

వంటింటి గొట్టం

పాత మిద్దె ఇళ్లలో పొయ్యి పైన పొగగూడు ఉండేది, మసి బొగ్గులా రాలేది, చీపురు కర్రకు కట్టి దులిపేవాళ్లు. ఇప్పటి చిమ్నీలో మసి లేదు, నూనె ఉంది. ఇది నిప్పు తోడైన చోటు. బాణలిలో మంట లేస్తే పైన జిడ్డు అంటుకుంటుంది.

స్టీలు ఫిల్టర్లను నెలకోసారి వేడి నీళ్లు, చాకలి సోడా, గిన్నెల సబ్బు కలిపి అరగంట నానబెట్టి రుద్దండి. అల్యూమినియం జాలీ అయితే సోడా వద్దు, నల్లబడి తినేస్తుంది, సబ్బు నీళ్లే వాడండి. చిమ్నీ నుంచి గోడకు పోయే మడతల గొట్టాన్ని ఏడాదికోసారి క్లిప్పు వదులు చేసి ఊడదీసి లోపల చూడండి. మడతల్లో జిడ్డు గట్టిపడి ఉంటే కడగాలని కుస్తీ పట్టకండి, కొత్త గొట్టం వేయండి. మడతలు తక్కువగా, వంపులు తక్కువగా, వీలైనంత పొట్టిగా. గోడ బయట చివర పిచ్చుకలు, కందిరీగలు గూళ్లు పెడతాయి, గాలి వస్తే తెరుచుకుని ఆగితే మూసుకునే రెక్క మూత పెట్టించండి.

డల్లాస్‌లో మన పిల్లల ఇళ్లు

ఈ అధ్యాయం చదివి ఆత్మకూరు నుంచి ఒక తల్లి డల్లాస్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేసి, "ఏమ్మా, మీ ఇంట్లో చల్లగాలి ఎక్కడి నుంచి వస్తోందే, ఎప్పుడన్నా చూశావా?" అని అడుగుతుందనుకుందాం. "పైన అటక మీద గొట్టాలున్నాయంటమ్మా, మనిషిని పిలిస్తే వందల డాలర్లు అడుగుతున్నారు" అని ఆ పిల్ల అంటుంది. ఇద్దరికీ ఉపయోగపడే సమాధానం ఉంది.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1997లో ఇంటి డక్టుల శుభ్రత మీద ఒక పుస్తకం వేసింది. డక్టులు కడిగించడం వల్ల జబ్బులు రాకుండా పోతాయని ఎక్కడా రుజువు కాలేదని అందులో తేల్చి చెప్పింది. గొట్టం లోపల కంటికి కనబడే బూజు ఉంటే, ఎలుకలో పురుగులో చేరితే, దుమ్ము గడ్డకట్టి గదిలోకి రాలుతుంటే కడిగించమంది. మామూలుగా పట్టే దుమ్ము గొట్టం గోడకు అంటుకుని అక్కడే ఉంటుంది. కాబట్టి చౌక కూపన్ చూసి ఎవరినో పిలిచి, మందులు చల్లించుకుని, డబ్బు పోగొట్టుకోవద్దు.

సొంతంగా చేసుకోవాల్సిన పని వేరే ఉంది. గాలి వెనక్కి లాగే పెద్ద జాలీ వెనకాల ఉండే ఫిల్టరును ఒకటి నుంచి మూడు నెలల లోపు మార్చాలి. పోపులు పెట్టే ఇంట్లో, కుక్కనో పిల్లినో పెంచే ఇంట్లో నెలకే మార్చాలి. ఫిల్టరు అట్ట మీద బాణం గుర్తు గాలి పోయే వైపుకు ఉండాలి. గదుల్లో గాలి వచ్చే జాలీలను స్క్రూ విప్పి కడిగి, గొట్టంలో చేయి పోయినంత మేర వాక్యూమ్ బ్రష్‌తో లాగాలి. ఏసీ నీళ్లు పోయే పైపు పూడకుండా చూసుకోవాలి.

ఆ ఇంట్లో అసలు ప్రమాదకరమైన గొట్టం బట్టలారబెట్టే డ్రయర్ వెనకాల ఉంది. బట్టల నూగు గొట్టంలో పేరుకుని, వేడి గాలి బయటికి పోలేక అంటుకుంటుంది. అమెరికాలో 2008 నుంచి 2010 వరకూ లెక్క తీస్తే ఇళ్లలో ఏటా సుమారు 2,900 డ్రయర్ అగ్నిప్రమాదాలు జరిగాయని అక్కడి అగ్నిమాపక విభాగం చెప్పింది. ముఖ్య కారణం శుభ్రం చేయకపోవడమే. ప్రతి విడత బట్టలకూ నూగు జాలీ తీసి తుడవాలి. ఏడాదికోసారి ప్లగ్గు తీసి, గ్యాస్ డ్రయరైతే గ్యాస్ కూడా కట్టి, యంత్రాన్ని ముందుకు జరిపి, గొట్టం ఊడదీసి, దానికోసమే అమ్మే పొడుగాటి బ్రష్‌ను లోపలికి తిప్పుతూ లాగాలి. ప్లాస్టిక్ గొట్టం ఉంటే తీసేసి లోహపుది వేయాలి. అన్నీ బిగించాక డ్రయర్ వేసి, ఇంటి బయటికి వెళ్లి గోడకున్న రెక్క మూతను చూడాలి. అది పూర్తిగా తెరుచుకుని వేడి గాలి చేతికి గట్టిగా తగలాలి. సగమే తెరుచుకుంటే లోపల ఇంకా అడ్డం ఉన్నట్టు, ఈసారి బయటి వైపు నుంచి బ్రష్ పెట్టాలి.